అమెరికాలో ఇంటి వేలాన్ని చాప్టర్ 13తో ఆపడం ఎలా? తెలుగు కుటుంబాల కోసం

"మంగళవారం మా ఇల్లు వేలం వేస్తున్నారు. బ్యాంక్రప్ట్సీ ఫైల్ చేస్తే ఆగుతుందా?"

ఈ ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. డాలస్, హ్యూస్టన్ వైపు నుంచైతే ఎక్కువగా నెలాఖరులో వస్తుంది, ఎందుకంటే టెక్సస్‌లో వేలం ప్రతి నెలా మొదటి మంగళవారం. అడిగేవాళ్ల పరిస్థితి చాలావరకు ఒకటే. లేఆఫ్ అయింది, కొన్ని నెలలు ఖాళీగా ఉన్నారు, దాచుకున్నది ఖర్చయింది. ఇప్పుడు మళ్లీ ఉద్యోగం దొరికింది కానీ పాత బకాయి మొత్తం ఒకేసారి కట్టమని బ్యాంకు అడుగుతోంది.

ఆగుతుంది. చాప్టర్ 13 అంటే అమెరికా దివాలా (బ్యాంక్రప్ట్సీ) చట్టంలోని ఒక దారి. ఫెడరల్ బ్యాంక్రప్ట్సీ కోర్టులో పిటిషన్ నమోదైన క్షణం నుంచి ఆటోమేటిక్ స్టే, అంటే అప్పిచ్చినవాళ్ల చర్యలను నిలిపేసే నిషేధం, అమల్లోకి వస్తుంది. దానికి జడ్జి సంతకం కూడా అక్కర్లేదు. వేలం, వసూలు ఫోన్లు, కోర్టు దావాలు అన్నీ ఆగిపోవాలి. కానీ స్టే వల్ల బకాయి రద్దు కాదు, తాకట్టూ తొలగిపోదు. చాప్టర్ 13 మీకిచ్చేది గడువు మాత్రమే. పాత బకాయిని మూడు నుంచి ఐదేళ్ల ప్లాన్ ప్రకారం వాయిదాలుగా తీర్చుకోవచ్చు. అదీ ఇకనుంచి నెలనెలా వచ్చే మామూలు పేమెంట్ కూడా తప్పకుండా కట్టగలిగితేనే. కింద చెప్పేదంతా ఆ ఒక్క షరతు మీద ఆధారపడి ఉంటుంది.

లాయరు లేకుండా ఫైల్ చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది. దయచేసి ఆ పని చేయకండి. ఐదేళ్ల దాకా నడిచే కేసు ఇది, ప్రతి మెట్టులోనూ గడువులుంటాయి. లాయరు దగ్గరకు వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి, వెళ్లాక ఏం అడగాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి అన్నది మీకు తెలియడం కోసమే ఈ గైడ్.

చాప్టర్ 7 ఎందుకు కాదు?

చాప్టర్ 7 (వాయిదాల ప్లాన్ లేకుండా అప్పులు రద్దు చేయించుకునే దివాలా) కూడా వేలాన్ని ఆపుతుంది, కానీ కొద్ది వారాలే. అందులో పాత బకాయిని వాయిదాల్లో తీర్చే ఏర్పాటు లేదు. బ్యాంకు స్టే ఎత్తేయమని కోర్టును అడుగుతుంది, మీరు బకాయి తీర్చకపోతే వేలం మళ్లీ మొదలవుతుంది. పైగా ఇంట్లో మీ సొంత వాటా మీ రాష్ట్రం ఇచ్చే మినహాయింపు కంటే ఎక్కువైతే చాప్టర్ 7 ట్రస్టీయే (కేసును నడిపించడానికి నియమించిన వ్యక్తి) ఇల్లు అమ్మించవచ్చు. ఇల్లు వదిలేసి క్రెడిట్ కార్డు అప్పుల నుంచి బయటపడాలనుకునేవారికి చాప్టర్ 7 సరిపోతుంది. ఇల్లు నిలబెట్టుకోవాలంటే 13.

దగ్గర ఉంచుకోవలసినవి

- బ్యాంకు, వాళ్ల లాయరు పంపిన ప్రతి నోటీసూ. కవర్లు కూడా పారేయకండి.
- తాజా మార్ట్‌గేజ్ స్టేట్‌మెంట్, ప్రాపర్టీ టాక్స్, హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం) బకాయిల కాగితాలు.
- భార్యాభర్తలిద్దరి ఆరు నెలల జీతం స్లిప్పులు. ఒక్కరే ఫైల్ చేసినా రెండో వారి ఆదాయం చూపించాలి.
- నాలుగేళ్ల టాక్స్ రిటర్నులు. ఏదైనా ఏడాదిది వేయకపోతే ముందు అది వేయాలి.
- అన్ని బ్యాంకు ఖాతాల స్టేట్‌మెంట్లు, ఇండియాలోని ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలతో సహా.
- అప్పులవాళ్లందరి పేర్లు, చిరునామాలు. స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు కూడా ఇందులోకే వస్తాయి.
- ఫొటో ఐడీ, సోషల్ సెక్యూరిటీ నంబరు రుజువు.
- కోర్టు ఫీజు 313 డాలర్లు. ఒకేసారి కట్టలేకపోతే వాయిదాలు అడగవచ్చు.

పౌరసత్వం, గ్రీన్ కార్డు ఉండాలన్న నియమం లేదు. అమెరికాలో నివాసమో ఆస్తో ఉంటే చాలు, హెచ్-1బి మీద ఉన్నవారూ ఫైల్ చేయవచ్చు. దివాలా తీయడం నేరం కాదు. అయితే వీసా, గ్రీన్ కార్డు ప్రక్రియ నడుస్తుంటే ఇమిగ్రేషన్ లాయరుతోనూ ఒక మాట చెప్పి ఉంచండి.

1. వేలం ఎప్పుడో నిమిషంతో సహా తెలుసుకోండి

వేలంలో ఇల్లు అమ్ముడుపోయాక చాప్టర్ 13 దాన్ని వెనక్కి తేలేదు. పదకొండు గంటలకు పాట ముగిసి, మీ పిటిషన్ పదకొండుంపావుకు నమోదైతే ఆలస్యమైనట్టే. అందుకే తేదీ ఒక్కటే సరిపోదు, సమయం కూడా కావాలి.

టెక్సస్‌లో కోర్టు ప్రమేయం లేకుండానే వేలం జరుగుతుంది. సొంతానికి ఉంటున్న ఇల్లయితే ముందుగా బకాయి తీర్చడానికి కనీసం 20 రోజుల నోటీసు, తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు మరో నోటీసు ఇవ్వాలి. వేలం ఉదయం 10, సాయంత్రం 4 గంటల మధ్య. నోటీసులో రాసిన సమయం నుంచి మూడు గంటల్లోపు మొదలవుతుంది. జార్జియాలోనూ మొదటి మంగళవారమే. కాలిఫోర్నియాలో డీఫాల్ట్ నోటీసు నమోదయ్యాక మూడు నెలలు ఆగాలి, ఆ తర్వాత వేలం నోటీసుకు 20 రోజులు. న్యూజెర్సీలో కోర్టు కేసు నడిచాకే షెరీఫ్ వేలం జరుగుతుంది. అక్కడ ఇంటి యజమానిగా మీరే చిన్న ఫీజు కట్టి రెండుసార్లు, ఒక్కోసారి 30 రోజుల దాకా వేలాన్ని వాయిదా వేయించుకోవచ్చు. దివాలా దాకా వెళ్లకముందే వాడుకోదగిన హక్కు అది. చాలామందికి తెలియదు.

సరిచూసుకోవడం: కౌంటీ వెబ్‌సైట్‌లో ఈ నెల వేలం జాబితా చూడండి. నోటీసులో పేరున్న లాయరు ఆఫీసుకు ఫోన్ చేసి "తేదీ అదేనా, మారిందా" అని అడగండి. బ్యాంకు కస్టమర్ సర్వీసువాళ్లు "మీ ఫైలు రివ్యూలో ఉంది, కంగారు పడకండి" అని ఫోన్‌లో అంటే నమ్మవద్దు. వేలం ఆపామని కాగితం మీద వచ్చేదాకా అది ఆగలేదనే లెక్క.

ఇంకా సమయం ఉన్నవారికి ఒక మాట. ఫెడరల్ నిబంధనల ప్రకారం 120 రోజులకు మించి బకాయి పడేదాకా బ్యాంకు మామూలుగా ఫోర్‌క్లోజర్ (ఇల్లు వేలం వేసే ప్రక్రియ) మొదలుపెట్టకూడదు. వేలానికి 37 రోజుల కంటే ముందే లోన్ మాడిఫికేషన్ (లోన్ షరతులు మార్చమనే) దరఖాస్తు పూర్తిగా, అన్ని కాగితాలతో అందితే, దాన్ని తేల్చకుండా వేలం వేయకూడదు. హడ్ (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) గుర్తింపు ఉన్న హౌసింగ్ కౌన్సెలర్లు ఇందులో ఉచితంగా సాయం చేస్తారు, నంబరు 800-569-4287. నాలుగు నెలల సమయం ఉన్నవాళ్లు ముందు ఈ దారే చూడాలి. నాలుగు రోజులే ఉన్నవాళ్లు కిందికి చదవండి.

2. నెల లెక్క వేయండి

లాయరుకు ఫోన్ చేసేముందే ఒక కాగితం మీద ఇది వేసుకోండి. ఉదాహరణకు నెల పేమెంట్ 3,100 డాలర్లు, ఎనిమిది నెలలు కట్టలేదు. బకాయి 24,800. బ్యాంకు లాయరు ఖర్చులు, లేటు ఫీజులు 3,200 అనుకుందాం. మొత్తం 28,000. అరవై నెలలకు భాగిస్తే సుమారు 467. దీని మీద ట్రస్టీ కమిషన్ పది శాతం దాకా ఉంటుంది, అంటే దాదాపు 515. అంటే ఇకమీదట ఇంటి కోసమే నెలకు 3,615. కొన్ని కోర్టుల్లో మామూలు పేమెంట్ కూడా ట్రస్టీ ద్వారానే వెళ్లాలి, అక్కడ కమిషన్ దాని మీదా పడుతుంది. కారు లోన్, మిగిలిన లాయరు ఫీజు, క్రెడిట్ కార్డులవాళ్లకు ఇచ్చే భాగం దీనికి అదనం.

ఇప్పుడు చేతికొచ్చే జీతంలోంచి తిండి, ఇన్సూరెన్సు, పెట్రోలు, పిల్లల ఖర్చు తీసేయండి. మిగిలినది ఈ మొత్తానికి సరిపోతోందా? వచ్చే నెల ఇంక్రిమెంటు వస్తుందని, బావగారు సర్దుతారని లెక్కలో కలపకండి. మామూలు పేమెంట్ కూడా మోయలేని పరిస్థితి అయితే చాప్టర్ 13 కొద్ది నెలలు మాత్రమే నిలుస్తుంది, ఆ కొద్ది నెలల్లో కట్టిందీ పోతుంది.

ఇంటికి లోన్ కంటే ఎక్కువ ధర పలికేటట్టుంటే అమ్మకమే మంచి దారి కావచ్చు. చాప్టర్ 13లో ఉండగా కోర్టు అనుమతితో ఇల్లు అమ్ముకోవచ్చు. వేలంలో పోయే ధరకూ, బోర్డు పెట్టి తీరిగ్గా అమ్మితే వచ్చే ధరకూ తేడా చాలా ఉంటుంది. హెచ్-1బి ఉద్యోగం పోయి 60 రోజుల గ్రేస్ పీరియడ్‌లో ఉన్నవారికి, ఇంట్లో రెండో జీతం లేకపోతే, నేను చెప్పేది ఇదే. ఐదేళ్ల ప్లాన్‌కు స్థిరమైన ఆదాయం చూపించాలి. దేశంలో ఉంటామో లేదో తేలని సమయంలో ఆ మాట కోర్టుకు ఇవ్వలేరు.

అప్పుల పరిమితి కూడా చూసుకోండి. 2025 ఏప్రిల్ 1 నుంచి చాప్టర్ 13కు తాకట్టు అప్పులు 15,80,125 డాలర్లకు, తాకట్టు లేనివి 5,26,700 డాలర్లకు లోపు ఉండాలి. బే ఏరియాలో పెద్ద లోన్ ఉన్నవారు ఇక్కడే ఆగిపోవచ్చు, వారికి మిగిలేది ఖర్చెక్కువైన మరో దివాలా పద్ధతి, చాప్టర్ 11.

3. లాయరును పట్టుకోండి

ఇల్లు కొన్నప్పుడు పనిచేసిన లాయరు, వీసా చూసే లాయరు దీనికి పనికిరారు. చాప్టర్ 13 కేసులు రోజూ చేసేవారు కావాలి. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ కన్జ్యూమర్ బ్యాంక్రప్ట్సీ అటార్నీస్ జాబితాలోనో, రాష్ట్ర బార్ అసోసియేషన్ రిఫరల్ ద్వారానో వెతకండి. ఆదాయం బాగా తక్కువైతే లీగల్ ఎయిడ్ ఉంది. ఫోన్‌లో మొదటి మాటే "ఫలానా తేదీన, ఫలానా సమయానికి వేలం" అని చెప్పండి. మొత్తం ఫీజు ఎంత, అందులో ముందు కట్టవలసింది ఎంత, ప్లాన్ ద్వారా వెళ్లేది ఎంత అని అడగండి. చాలామంది లాయర్లు కొంత ముందు తీసుకుని మిగతాది ప్లాన్‌లో పెడతారు.

హెచ్చరిక: వేలం జాబితాలో మీ పేరు రాగానే "మీ ఇల్లు కాపాడతాం" అంటూ ఉత్తరాలు, ఫోన్లు వస్తాయి. తాత్కాలికంగా టైటిల్ మా పేరున రాయండి, ఇంట్లో కొంత వాటా ఫలానా వ్యక్తికి బదిలీ చేయండి, మార్ట్‌గేజ్ పేమెంట్ బ్యాంకుకు కాకుండా మాకు కట్టండి అనేవాళ్లు మోసగాళ్లు. తెలుగులో మాట్లాడినా, మన ఊరివాళ్లమన్నా అంతే. అలా వాటా రాయించి వేరేవాళ్ల పేరున దివాలా వేయించే మోసం బయటపడితే, మీ ఇంటి మీద రెండేళ్లపాటు ఏ స్టే పనిచేయకుండా కోర్టు ఉత్తర్వు ఇవ్వగలదు.

4. క్రెడిట్ కౌన్సెలింగ్ పూర్తి చేయండి

ఫైల్ చేసే రోజుకు ముందు 180 రోజుల్లోపు, యూఎస్ ట్రస్టీ కార్యాలయం (దివాలా కేసులను పర్యవేక్షించే ప్రభుత్వ విభాగం) ఆమోదించిన సంస్థ దగ్గర ఈ కౌన్సెలింగ్ తీసుకుని ఉండాలి. ఆన్‌లైన్‌లో గంట, గంటన్నరలో అయిపోతుంది, ఫీజు సాధారణంగా 50 డాలర్లు దాటదు. భార్యాభర్తలిద్దరూ ఫైల్ చేస్తుంటే ఇద్దరికీ విడివిడిగా సర్టిఫికెట్ కావాలి.

హడావుడిలో దీన్ని వదిలేసి ముందు పిటిషన్ వేసేసేవాళ్లున్నారు. అలాంటి కేసును కోర్టు కొట్టేయవచ్చు. కొట్టేస్తే రెండోసారి ఫైల్ చేసినప్పుడు వచ్చే స్టే బలహీనంగా ఉంటుంది. ఎందుకో కింద చెబుతాను.

5. పిటిషన్ వేయండి

సమయం లేకపోతే అన్ని కాగితాలూ ఒకేరోజు అక్కర్లేదు. ఫారం 101 పిటిషన్, సోషల్ సెక్యూరిటీ నంబరు తెలిపే ఫారం 121, అప్పులవాళ్ల పేర్లూ చిరునామాల జాబితా, కౌన్సెలింగ్ సర్టిఫికెట్, ఫీజు. వీటితో కేసు నంబరు వస్తుంది. లాయర్లు ఎలక్ట్రానిక్‌గా రాత్రిపూట కూడా ఫైల్ చేయగలరు. అయినా వేలం రోజు ఉదయం దాకా ఆగకండి.

అప్పులవాళ్ల జాబితాలో మార్ట్‌గేజ్ కంపెనీతోపాటు, వేలం నడిపే లాయరు ఆఫీసు చిరునామా కూడా రాయించండి. లోన్ చేతులు మారి ఉంటే పాత కంపెనీదీ, కొత్త కంపెనీదీ రెండూ.

6. కేసు నంబరును వేలం వేసేవాళ్లకు చేర్చండి

స్టే దానంతట అదే వస్తుంది, కానీ వేలం వేసే వ్యక్తికి దాని సంగతి దానంతట అదే తెలియదు. కోర్టు నోటీసు తపాలాలో చేరడానికి రోజులు పడుతుంది. కాబట్టి ఫైల్ చేసిన గంటలోనే మార్ట్‌గేజ్ కంపెనీకి, వాళ్ల లాయరుకు, షెరీఫ్ వేలమైతే షెరీఫ్ ఆఫీసుకు కేసు నంబరు, ఏ డిస్ట్రిక్టు కోర్టు, ఫైల్ చేసిన సమయం ఈ-మెయిల్‌లోనూ ఫాక్స్‌లోనూ పంపాలి. ఇది లాయరు ఆఫీసు చేస్తుంది. అయినా పంపిన కాపీ మీకూ ఇవ్వమని అడగండి.

సరిచూసుకోవడం: పిటిషన్ మీద పడిన తేదీ, సమయం ముద్ర చూడండి. వేలం రోజున అవతలి లాయరు ఆఫీసుకు ఫోన్ చేసి ఆగిందో లేదో కనుక్కోండి. పిటిషన్ తర్వాత కూడా వేలం వేసేసి ఉంటే బెంబేలెత్తకండి. ఆ అమ్మకాన్ని రద్దు చేయించవచ్చు. అదే రోజు మీ లాయరుకు చెప్పండి.

7. పద్నాలుగు రోజుల్లో మిగతా కాగితాలు. ఇండియా ఆస్తులూ రాయాలి

ఆస్తులు, అప్పులు, ఆదాయం, ఖర్చుల షెడ్యూళ్లు, ఆర్థిక వ్యవహారాల స్టేట్‌మెంట్, ప్లాన్ ఇవన్నీ 14 రోజుల్లో పడాలి. మనవాళ్ల కేసులు ఎక్కువగా చిక్కుల్లో పడేది ఇక్కడే, కాబట్టి నెమ్మదిగా చదవండి.

చట్టం ప్రకారం ఆస్తి ప్రపంచంలో ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా రాయాలి. శంషాబాద్ దగ్గర కొన్న ప్లాటు, విజయవాడలో అపార్ట్‌మెంట్, ఊళ్లో పొలం, ఎన్ఆర్ఈ డిపాజిట్లు, ఎల్ఐసీ పాలసీలు, లాకర్లో బంగారం, ఇక్కడ ఒంటిమీద ఉన్న బంగారం అన్నీ. పాడుకోని చిట్టీ ఉంటే అందులో కట్టిన డబ్బు ఆస్తి. పాడేసిన చిట్టీ అయితే ఇంకా కట్టవలసిన వాయిదాలు అప్పు. నాన్నగారి స్వార్జితం ఆయన పేరున ఉంటే అది ఆయనదే. కానీ తాతల ఆస్తిలో మీ వాటా, మీ డబ్బుతో నాన్నగారి పేరున కొన్నది ఈ రెండూ లాయరుకు చెప్పి తీరాలి. కేసు నడుస్తుండగా వారసత్వం ఏదైనా వచ్చినా చెప్పాలి.

"ఇండియాది ఇక్కడివాళ్లకు ఎలా తెలుస్తుంది?" అని అడుగుతారు. మీ టాక్స్ రిటర్నులోనే విదేశీ ఖాతాల ప్రశ్న ఉంది, ట్రస్టీ చేతిలో ఆ రిటర్ను ఉంటుంది. ఇండియాకు పంపిన ప్రతి ట్రాన్స్‌ఫరూ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపిస్తుంది. తెలిసీ దాచితే ఫెడరల్ నేరం, ఐదేళ్ల దాకా జైలు. వీసా మీద ఉన్నవారికి ఆ నేరం తర్వాత ఇమిగ్రేషన్ కష్టాలు కూడా మొదలవుతాయి. దివాలా వల్ల రాని ముప్పు అబద్ధం వల్ల వస్తుంది.

చెబితే ఏమవుతుంది? ఎవరూ వచ్చి ప్లాటు లాక్కోరు. చాప్టర్ 7 అయితే తాకట్టు లేని అప్పులవాళ్లకు ఎంత వచ్చేదో, కనీసం అంత చాప్టర్ 13 ప్లాన్‌లో వాళ్లకు ఇవ్వాలన్నది నియమం. మినహాయింపుల్లో ఇమడని ప్లాటు విలువ మేరకు మీ నెలవారీ మొత్తం పెరుగుతుంది. ఆ విలువ మీ ఇంటి బకాయి కంటే ఎక్కువైతే, కేసు అక్కర్లేకుండా ఆ ప్లాటు అమ్మి బకాయి కట్టేయడం గురించి ముందే ఆలోచించండి. అయితే అక్కడ రిజిస్ట్రేషను, టీడీఎస్, డబ్బు ఇక్కడికి పంపే కాగితాలు అన్నీ వారాల పని, వచ్చే మంగళవారానికి అందదు.

అమ్మానాన్నలకు పంపిన డబ్బూ రాయాలి. రెండేళ్లలో ఒక్కొక్కరికి 600 డాలర్లు దాటిన బహుమతులన్నీ ఆ ఫారంలో అడుగుతారు. గత ఏడాదిలో బంధువులకు తీర్చిన అప్పులు, 90 రోజుల్లో బయటివాళ్లకు తీర్చినవి ట్రస్టీ ప్రశ్నించగలరు. అందుకే దివాలాకు ముందు "పాపం, తమ్ముడి బాకీ ఒక్కటి తీర్చేద్దాం" అనుకోవద్దు. ఇంటినో కారునో ఇంకొకరి పేరు మీదికి మార్చడం అంతకంటే పెద్ద తప్పు.

401కె డబ్బు జోలికి వెళ్లకండి. ఆ ఖాతాకు దివాలాలో రక్షణ ఉంది. దాన్ని పెనాల్టీ కట్టి బయటకు తీసి రెండు నెలల మార్ట్‌గేజ్ కట్టి, మూడో నెలలో ఎలాగూ దివాలాకు వచ్చేవాళ్లు పదవీ విరమణ సొమ్మునూ పోగొట్టుకుంటున్నారు. ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది.

8. మొదటి పేమెంట్ ముప్పై రోజుల్లో

ప్లాన్‌ను కోర్టు ఇంకా ఆమోదించకపోయినా, ఫైల్ చేసిన 30 రోజుల్లోపు ట్రస్టీకి మొదటి పేమెంట్ మొదలవ్వాలి. కేసులు కొట్టేయడానికి ఇది చాలా మామూలు కారణం. కోర్టు పిలిచాక కడదామని కూర్చోకండి. మామూలు మార్ట్‌గేజ్ పేమెంట్ మీరే కట్టాలా, ట్రస్టీ ద్వారానా అని లాయరును రాతలో అడిగి తెలుసుకోండి. మీరే కట్టేదైతే ఫైల్ చేసిన తర్వాత వచ్చే మొదటి నెల నుంచే కట్టాలి. బ్యాంకు ఆన్‌లైన్ ఖాతా మూసేసి ఉండవచ్చు, అలాంటప్పుడు చెక్కు పంపి రసీదు ఉంచుకోండి. వీలైతే జీతంలోంచే ట్రస్టీకి వెళ్లేలా పెట్టించుకోండి, మరచిపోయే అవకాశం ఉండదు.

హెచ్‌ఓఏ, ఇన్సూరెన్సు, ప్రాపర్టీ టాక్స్ కూడా ఆపకూడదు.

9. 341 మీటింగ్

ఫైల్ చేసిన 21 నుంచి 50 రోజుల మధ్య ట్రస్టీ మిమ్మల్ని ప్రమాణం చేయించి ప్రశ్నలడుగుతారు. జడ్జి ఉండరు. ఇప్పుడు ఎక్కువగా జూమ్‌లోనే జరుగుతుంది. తాజా టాక్స్ రిటర్ను ఏడు రోజుల ముందే ట్రస్టీకి చేరాలి. ఇంగ్లీషులో ఇబ్బంది ఉంటే ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేస్తారు, లాయరుతో ముందే చెప్పించండి. అడిగినదానికే, ఉన్నదున్నట్టు చెప్పండి. షెడ్యూల్‌లో ఏదైనా మరచిపోయారని గుర్తొస్తే మీటింగ్‌లోనే చెప్పి సవరణ వేయించండి.

10. బ్యాంకు లెక్కను పరీక్షించండి

బ్యాంకు తన క్లెయిమ్‌ను (తనకు ఎంత రావాలో చెప్పే పత్రాన్ని) కేసు మొదలైన 70 రోజుల్లోపు కోర్టులో వేయాలి. దానితో ఫారం 410ఎ అనే పట్టిక ఉంటుంది. ఏ నెల కట్టారు, ఏ నెల కట్టలేదు, ఏ ఫీజు ఎప్పుడు వేశారు అన్నీ అందులో వరసగా ఉంటాయి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కన పెట్టుకుని ఒక్కో వరస చూడండి. కట్టిన నెలను కట్టనట్టు చూపడం, ఇన్సూరెన్సు ఉండగానే బలవంతంగా ఇంకో ఇన్సూరెన్సు వేయడం, ఒకే ఫీజు రెండుసార్లు వేయడం లాంటివి కనిపిస్తే లాయరు అభ్యంతరం వేస్తారు. ప్లాన్‌లో మీరు రాసిన బకాయి కంటే క్లెయిమ్ ఎక్కువుంటే ప్లాన్ మొత్తాన్ని పెంచాలి, లేకపోతే చివర్లో తేడా మీ మీదే పడుతుంది. ఈ పనికి ఒక ఆదివారం కేటాయించండి.

ఇదయ్యాక ప్లాన్ ఆమోదానికి కోర్టు విచారణ. అంతా సరిగ్గా ఉంటే చాలామంది హాజరు కూడా కావలసిన పని ఉండదు.

కేసు పోతే?

ఏడాదిలోపు ఒక కేసు కొట్టేయబడి, మళ్లీ ఫైల్ చేస్తే స్టే 30 రోజులే ఉంటుంది. పొడిగించమని అడగాలి, ఆ విచారణ కూడా 30 రోజుల్లోనే ముగియాలి. రెండు కేసులు కొట్టేయబడి ఉంటే మూడో కేసుకు స్టే అసలు రాదు, కోర్టును ఒప్పిస్తేనే వస్తుంది. బ్యాంకు స్టే ఎత్తేయమని అడిగాక మీరే కేసు విరమించుకుంటే 180 రోజులు మళ్లీ ఫైల్ చేయలేరు. మంగళవారం గడిస్తే చాలని ఉత్తుత్తి కేసులు వేయమని చెప్పేవాళ్ల మాట వినకపోవడానికి ఇవే కారణాలు.

మధ్యలో ఉద్యోగం పోయినా, జబ్బు చేసినా పేమెంట్ తప్పకముందే లాయరుకు చెప్పండి. ప్లాన్‌ను మార్చవచ్చు, చాప్టర్ 7కు మళ్లవచ్చు, ఇల్లు అమ్ముకోవచ్చు. రెండు నెలలు మౌనంగా ఉండి బ్యాంకు మోషన్ వేశాక చెబితే ఈ దారులు ఇరుకవుతాయి. కేసు ఉండగా కోర్టు అనుమతి లేకుండా కొత్త కారు లోన్‌లాంటివి తీసుకోకండి.

అంతా సరిగ్గా నడుస్తోందని ఎలా తెలుస్తుంది?

ఆరు నెలలకోసారైనా ట్రస్టీ వెబ్‌సైట్‌లో మీ పేమెంట్లు, అందులోంచి బ్యాంకుకు వెళ్లినది చూడండి. కోర్టు రికార్డులు పేసర్ అనే ఫెడరల్ కోర్టుల వెబ్‌సైట్‌లో దొరుకుతాయి. బ్యాంకు నెల పేమెంట్‌ను మారిస్తే 21 రోజుల ముందు కోర్టులో నోటీసు వేయాలి. అలాంటి నోటీసు వస్తే లాయరుకు పంపి, అదే నెల నుంచి కొత్త మొత్తం కట్టండి. ఎస్క్రో (పేమెంట్‌తో కలిపి వసూలు చేసే టాక్స్, ఇన్సూరెన్సు సొమ్ము) పెరిగి పేమెంట్ 90 డాలర్లు ఎక్కువైన సంగతి గమనించక పాత మొత్తమే కడుతూ పోతే మూడేళ్లకు 3,240 డాలర్ల కొత్త బకాయి తయారవుతుంది.

డిశ్చార్జికి (ప్లాన్ పూర్తయ్యాక మిగిలిన అప్పులను కోర్టు రద్దు చేయడానికి) ముందు రెండో కోర్సు ఒకటి ఉంది, ఆర్థిక నిర్వహణ మీద. అది చివరిదాకా ఆపకుండా మొదటి ఏడాదిలోనే చేసేయండి. చాప్టర్ 13 పేరు క్రెడిట్ రిపోర్టులో సాధారణంగా ఏడేళ్లు ఉంటుంది.

ఆఖరి పేమెంట్ అయ్యాక 45 రోజుల్లోపు, పాత బకాయి తీరిపోయిందని ట్రస్టీ కోర్టులో నోటీసు వేస్తారు. బ్యాంకు దానికి జవాబివ్వాలి. ఆ జవాబును తప్పక తెప్పించుకుని చదవండి. బకాయి ఏమీ లేదని ఒప్పుకుంటే ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో కలిపి దాచండి. ఇంకా ఇంత రావాలి అని రాస్తే కేసు మూతపడకముందే లాయరుతో అభ్యంతరం వేయించి, జడ్జి చేత లెక్క తేల్పించుకోండి. మూతపడ్డాక అదే తగువు కోసం కేసును తిరిగి తెరిపించాల్సి వస్తుంది.